డిసెంబర్ సినిమాలకు రివ్యూ రాయడం ఎలా? అవార్డుల సీజన్ కోసం సమగ్ర మార్గదర్శి

నేనుండేది డల్లాస్ పక్కన ప్లేనోలో. పదకొండేళ్లుగా ఏటా థాంక్స్‌గివింగ్ సెలవుల నుంచి జనవరి చివరిదాకా ఇక్కడ విడుదలయ్యే అవార్డుల సినిమాలు చూసి తెలుగులో రివ్యూలు రాస్తున్నాను. చదివేవాళ్లలో సగం మంది అమెరికాలో ఉంటారు, సగం మంది హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌లలో ఉంటారు. ఈమధ్య ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు, "అన్నా, మేమూ రాద్దామనుకుంటున్నాం, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?" అని అడిగారు. ఫోన్‌లో గంటసేపు చెప్పినా సగం కూడా అవలేదు. అందుకే అంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

ఈ సీజన్‌లో వచ్చే రివ్యూలు చాలావరకు పందెం గురించే మాట్లాడతాయి. ఎవరికి నామినేషన్ ఖాయం, ఎవరు వెనకబడ్డారు, ఏ సినిమాకు గాలి వీస్తోంది. మార్చిలో ఆస్కార్ వేడుక ముగియగానే ఆ మాటలన్నీ పాతబడిపోతాయి. మన పాఠకుడు ఆ సినిమాను చూసేది ఫిబ్రవరిలో హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లోనో, వచ్చే వేసవిలో ఇంట్లో ఓటీటీలోనో. ఆ రోజు తెరిచి చదివినా పనికొచ్చేలా రివ్యూ ఉండాలి. కింద చెప్పేదంతా దానికోసమే.

1. ముందు క్యాలెండర్ తెలుసుకోండి

మంచి సినిమాలన్నీ డిసెంబర్‌లోనే ఎందుకు వచ్చిపడతాయో తెలియకపోతే ఈ సీజన్ అర్థం కాదు. ఆస్కార్ నిబంధన ప్రకారం, సినిమా జనవరి 1 నుంచి డిసెంబర్ 31 లోపు అమెరికాలోని ఆరు మహానగర ప్రాంతాల్లో ఏదో ఒకచోట, థియేటర్‌లో, వరసగా ఏడు రోజులు ఆడాలి. ఆ ఆరు: లాస్ ఏంజెలెస్, న్యూయార్క్, శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా, షికాగో, డల్లాస్–ఫోర్ట్ వర్త్, అట్లాంటా. చూస్తే మనవాళ్లు గట్టిగా స్థిరపడ్డ ఊళ్లు ఇందులో చాలానే ఉన్నాయి. ఓటు వేసేవాళ్ల మనసులో సినిమా తాజాగా ఉండాలని నిర్మాతలు ఏడాది చివరిదాకా ఆగుతారు. డిసెంబర్ ఆఖరి వారంలో న్యూయార్క్, లాస్ ఏంజెలెస్‌లలో మూడు నాలుగు థియేటర్లలో వేసి, జనవరిలో మిగతా ఊళ్లకు పంపిస్తారు. దీన్నే లిమిటెడ్ రిలీజ్ అంటారు. 2024 సినిమాల నుంచి ఉత్తమ చిత్రం విభాగానికి ఇంకో షరతు పెట్టారు: మొదటి వారం తర్వాత 45 రోజుల్లోపు పెద్ద మార్కెట్లలో కనీసం పదింటిలో మరో ఏడు రోజులు ఆడాలి.

అసలు ప్రయాణం అంతకుముందే మొదలవుతుంది. ఆగస్టు చివర వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్, సెప్టెంబర్ మొదట్లో టెల్యురైడ్, ఆ వెంటనే టొరంటో, తర్వాత న్యూయార్క్. అక్కడ చూసినవాళ్లు రాసిన మాటలే డిసెంబర్‌దాకా తిరుగుతుంటాయి. డిసెంబర్‌లో న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ విమర్శకుల సంఘాలు తమ విజేతలను ప్రకటిస్తాయి. జనవరిలో గోల్డెన్ గ్లోబ్స్, ఆస్కార్ నామినేషన్లు.

తెలుగువాళ్లకు ఈ దారి బాగా తెలిసిందే, ఎందుకంటే ఒక తెలుగు సినిమా ఈ దారంతా నడిచింది. 2022 డిసెంబర్‌లో న్యూయార్క్ విమర్శకుల సంఘం రాజమౌళిని ఉత్తమ దర్శకుడిగా ఎంచుకుంది. అదే నెలలో ఆస్కార్లు ఇచ్చే అకాడమీ వడపోసిన 15 పాటల జాబితాలో ‘నాటు నాటు’ ఉంది. జనవరిలో గోల్డెన్ గ్లోబ్, 2023 మార్చి 12న ఆస్కార్. ఆ ఏడాది మన దేశం అధికారికంగా పంపింది మాత్రం గుజరాతీ సినిమాను. ఒక్కో దేశం ఒక్కో సినిమా పంపే విభాగం వేరు, అమెరికాలో ఆడిన సినిమాలు పోటీపడే మామూలు విభాగాలు వేరు. ఈ తేడా తెలియక ఇప్పటికీ తప్పుగా రాసేవాళ్లున్నారు.

ఇక మీరు చేయాల్సింది: ప్రతి సినిమాకూ నోట్‌బుక్‌లో మూడు తేదీలు రాసుకోండి. లిమిటెడ్ రిలీజ్ ఎప్పుడు, మీ ఊరికి ఎప్పుడు, ఇండియాకు ఎప్పుడు. మూడోది ప్రకటించకపోతే ఖాళీగా వదిలేసి, తెలిసిన రోజున నింపండి. రివ్యూ మొదట్లోనే ఈ తేదీలు కనిపించాలి. "సినిమా ఎక్కడ దొరుకుతుంది?" అన్నదే నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ.

డిసెంబర్ మాయలో పడి ముందు నెలల సినిమాలను మరిచిపోకూడదు. 2023 సినిమాల్లో ఆస్కార్ ఉత్తమ చిత్రం ‘ఓపెన్‌హైమర్’ జులైలో విడుదలైంది, 2022 సినిమాల్లో గెలిచిన ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ మార్చిలో.

2. అన్నీ చూడాలనుకోవద్దు

ఆరు వారాల్లో పాతిక సినిమాలు చూడొచ్చు. పాతిక రివ్యూలు మాత్రం బాగా రాయలేం. నేను వారానికి రెండే రాస్తాను. మిగతావి చూసి నోట్స్ పెట్టుకుంటాను. ఎంచుకునేటప్పుడు ఒక పేరున్న సినిమా, ఎవరూ పట్టించుకోని సినిమా ఒకటి చొప్పున తీసుకోండి. పేరున్నదాని గురించి ఇంగ్లీషులో వందల రివ్యూలు ఉంటాయి, తెలుగు పాఠకుడికి మీ మాట కావాలి కాబట్టి రాయండి. రెండోదాని గురించి మీరు రాయకపోతే తెలుగులో ఇంకెవరూ రాయకపోవచ్చు. నాకు రెండో రకం మీదే మమకారం ఎక్కువ.

3. చూడబోయే ముందు

నిడివి ఎంత, ఏ భాష, దర్శకుడు ఎవరు, ఫిల్మ్ మీద తీశారా డిజిటల్‌లోనా: ఇవి తెలుసుకుంటే చాలు. ట్రైలర్ ఒక్కసారి చూసి వదిలేయండి. రివ్యూలు చదవొద్దు. పండగల్లో, అంటే ఫిల్మ్ ఫెస్టివల్స్‌లో, ఎన్ని నిమిషాలు నిలబడి చప్పట్లు కొట్టారన్న లెక్కలు అసలు పట్టించుకోవద్దు. పక్కనే తారాగణం కూర్చున్న హాల్లో కొట్టిన చప్పట్లు అవి.

రాటెన్ టొమాటోస్ శాతం గురించి ఒక వివరణ అవసరం. 95 శాతం అంటే నూటికి 95 మంది విమర్శకులు "ఫరవాలేదు, బాగుంది" అన్నారని. నూటికి 95 మార్కులు వేశారని కాదు. అందరూ ఐదుకు మూడే ఇచ్చినా ఆ అంకె వందకు చేరగలదు. మెటాక్రిటిక్ అంకె సగటు మీద నడుస్తుంది, అందుకే రెండు చోట్లా తేడా కనిపిస్తుంది. సినిమాకు వెళ్లే ముందు రెండూ చూడకపోతేనే మేలు. ఆ అంకె తలలో కూర్చుంటే, నచ్చకపోయినా నచ్చినట్టు రాయాలన్న ఒత్తిడి మొదలవుతుంది. ఈ టెన్షన్ నేను మొదటి రెండేళ్లూ పడ్డాను.

హాల్లో లైట్లు ఆరకముందు ఒక్క వాక్యం రాసుకోండి: ఈ సినిమా నుంచి నేను ఏం ఆశిస్తున్నాను? తర్వాత రివ్యూ రాసేటప్పుడు మీ అసంతృప్తి సినిమా లోపం వల్ల వచ్చిందా, మీరు వేరే సినిమాను ఊహించుకుని వెళ్లడం వల్ల వచ్చిందా అన్నది ఆ వాక్యమే చెబుతుంది.

4. హాల్లో కూర్చున్నాక

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇది. రివ్యూ బాగుంటుందా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

చిన్న నోట్‌బుక్, బాల్‌పెన్ తీసుకెళ్లండి. ఫోన్‌లో రాయొద్దు, వెలుతురు పక్కవాళ్ల కళ్లలో పడుతుంది. చీకట్లో రాస్తే ఒక లైను మీద ఇంకో లైను ఎక్కుతుంది కాబట్టి ఎడమచేతి బొటనవేలు లైను మొదట్లో పెట్టి, రాసిన ప్రతిసారీ కిందికి జరపండి. ఒక్కో పేజీలో ఐదారు మాటలు చాలు. అభిప్రాయాలు రాయొద్దు. "సూపర్", "బోర్" అని రాసుకుంటే రెండు రోజుల తర్వాత ఎందుకు అనుకున్నారో మీకే గుర్తుండదు. కంటికి కనబడింది, చెవికి వినబడింది రాయండి.

ఒక ఉదాహరణ చూపిస్తాను. ‘ది జోన్ ఆఫ్ ఇంటరెస్ట్’ అని, 2023 డిసెంబర్‌లో అమెరికాలో లిమిటెడ్ రిలీజ్ అయిన సినిమా. ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం గోడ పక్కనే ఇంట్లో హాయిగా బతుకుతున్న ఆ శిబిరం అధికారి కుటుంబం కథ. జనవరిలో చూసినప్పటి నా నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఇలా ఉంది:

"పేరు పడింది. నలుపు. ఇంకా నలుపే. సంగీతం కిందికి జారుతోంది. ప్రొజెక్టర్ పాడైందా? పక్షులు."

నాలుగో పేజీ:

"తోట. పూలు. అమ్మకు చూపిస్తోంది. గోడ మీద ముళ్లతీగ. అవతల ఏదో. ఎవరూ తిరిగి చూడరు."

ఆ రోజు ఇంటికొచ్చి వెంటనే రాసి ఉంటే "సౌండ్ అద్భుతం" అని రాసేవాణ్ని. ఈ రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే అసలు సంగతి తెలిసింది. మొదట చాలాసేపు తెర మీద ఏమీ చూపించకుండా ఉంచింది మన చెవులను సిద్ధం చేయడానికి. ఆ తర్వాత దాదాపు సినిమా అంతా కెమెరా గోడ దాటి లోపలికి పోదు. అవతలి నుంచి అరుపులు, కుక్కల మొరుగు, తుపాకీ చప్పుళ్లు వినిపిస్తూనే ఉంటాయి. ఇవతల పిల్లలు ఆడుకుంటుంటారు. మనం చూసేది ఒక సినిమా, వినేది ఇంకో సినిమా. రివ్యూలో ఆ మాటే రాశాను. తర్వాత దానికి సౌండ్ విభాగంలో ఆస్కార్ వచ్చింది. రాకపోయి ఉన్నా ఆ వాక్యంలో ఒక్క మాట మార్చాల్సిన పని ఉండేది కాదు.

హాల్లో గమనించడానికి ఇంకో రెండు సంగతులు. ఒకటి, మీ ఒళ్లు ఏం చేస్తోంది? కుర్చీలో ముందుకు జరిగారా, వాచీ చూసుకున్నారా? వాచీ చూస్తే ఆ క్షణంలో తెర మీద ఏముందో రాసుకోండి. సినిమా ఎక్కడ పట్టు తప్పిందో చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. రెండు, హాల్లో జనం. ఎక్కడ నవ్వారు, ఎక్కడ ఊపిరి బిగబట్టారు. పక్క స్క్రీన్‌లో మన తెలుగు సినిమా ప్రీమియర్‌కు కాగితాలు ఎగరేస్తుంటే, ఈ హాల్లో పదిహేను మంది నిశ్శబ్దంగా కూర్చుని ఉంటారు. ఆ నిశ్శబ్దంలో కూడా రకాలున్నాయి, నాలుగైదు సినిమాలు చూస్తే తెలిసిపోతుంది.

ఇంటర్వెల్ గురించి కూడా. ఇక్కడ ఈ సినిమాలను విరామం లేకుండా వేస్తారు. మన దగ్గర థియేటర్‌వాళ్లు మధ్యలో ఎక్కడో ఒకచోట ఆపుతారు, దర్శకుడు అక్కడ ఆపాలని అనుకుని ఉండడు. అందువల్ల "ఫస్టాఫ్, సెకండాఫ్" అని విడదీసి రాస్తే చాలా సినిమాలకు అన్యాయం జరుగుతుంది. దర్శకుడే విరామం పెట్టిన అరుదైన సినిమాలూ ఉన్నాయి. 2024 డిసెంబర్‌లో వచ్చిన ‘ది బ్రూటలిస్ట్’ నిడివి 3 గంటల 35 నిమిషాలు, అందులో 15 నిమిషాలు విరామమే. తెర మీద ఒక పాత ఫొటో, దాంతోపాటు తగ్గుతూ పోయే గడియారం అంకెలు. అలాంటప్పుడు విరామం కూడా సినిమాలో భాగమే, దాని గురించీ రాయాలి.

5. ఆ రాత్రే ఇరవై నిమిషాలు

కారెక్కగానే పాటలు పెట్టొద్దు, ఎవరికీ ఫోన్ చేయొద్దు. ఇంటికి చేరి నోట్స్‌ని శుభ్రంగా తిరగరాయండి. చదవరాని మాటలు ఆ రాత్రి గుర్తొస్తాయి, తెల్లారితే గుర్తురావు. ఏ సినిమా నోట్స్ ఏ తేదీవో పైన స్పష్టంగా రాయండి.

ఇది అనుభవం మీద చెబుతున్నాను. మొదటి ఏడాది క్రిస్మస్ వారంలో నాలుగు రోజుల్లో ఐదు సినిమాలు చూసి, అన్నిటి గురించీ జనవరి 1న కూర్చుని రాశాను. ఒక సినిమాలో తల్లి వంటగదిలో ఒంటరిగా కూర్చునే సీనును ఇంకో సినిమాకు అంటగట్టాను. అదీ మెచ్చుకుంటూ, మూడు వాక్యాలు. రాజమండ్రి నుంచి ఒకావిడ మర్యాదగా రాశారు: "బాబూ, ఆ సీను కోసం సినిమా అంతా చూశాను, రాలేదు." ఆవిడ రెండున్నర గంటలు నా మాట నమ్మి ఎదురుచూశారు. ఆ రోజు నుంచి ఒక సినిమా నోట్స్ తిరగరాయకుండా రెండో సినిమా టికెట్ కొనలేదు.

6. రాయడం

ఒకటి రెండు రాత్రులు నిద్రపోయి లేచాక మొదలుపెట్టండి. నోట్‌బుక్ చూడకుండా ఏ సీను ముందు గుర్తొస్తుందో దానితో ఆరంభించండి. దర్శకుడి గత చిత్రాల జాబితాతో మొదలుపెడితే పాఠకుడు రెండో పేరాకే వెళ్లిపోతాడు.

కథ ఎంత చెప్పాలి? మొదటి ఇరవై నిమిషాల్లో తెలిసేదంతా చెప్పొచ్చు, ఆ తర్వాతది వద్దు. మన పాఠకుడు రెండు మూడు నెలల తర్వాత చూస్తాడు, అంతకాలం మీరు విప్పిన ముడి అతని తలలో ఉండిపోతుంది. ముగింపు గురించి మాట్లాడక తప్పని సినిమాలకు నేను రెండో రివ్యూ రాసి, చూసినవాళ్లకు మాత్రమే అని పైన పెడతాను.

తర్వాత సీను. ఒకే ఒక్క సీను తీసుకుని దగ్గరగా చూపించండి. "కెమెరా పనితనం కన్నులపండువగా ఉంది" అన్న వాక్యం ఏ సినిమాకైనా అతుకుతుంది. దాని బదులు కెమెరా ఏం చేసిందో చెప్పండి: మనిషి ఏడుస్తుంటే దగ్గరికి వెళ్లిందా, గుమ్మం అవతలే ఆగిపోయిందా? నటన విషయమూ అంతే. "జీవించేశారు" అనే మాటను నేను పూర్తిగా మానేశాను. చేతులు ఏం చేశాయి, ఏ మాట దగ్గర గొంతు మారింది, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ముఖంలో ఏం కదిలింది. ఈ మూడింటిలో ఒక్కటి చెప్పినా చదివేవాళ్లకు ఆ నటుడు కనిపిస్తాడు.

మాటల ఎంపికలో మరీ పట్టుదల వద్దు. కథనం, నేపథ్య సంగీతం లాంటి మాటలు అందరికీ తెలుసు, వాడండి. ఎడిటింగ్, సౌండ్ డిజైన్, క్లోజప్ అని జనం అంటారు, అలాగే రాయండి. "ల్యాగ్" అన్న మాటతో మాత్రం జాగ్రత్త. ఈ సినిమాల్లో నిదానం తరచూ కావాలని పెట్టిందే. నిదానంగా ఉంటే నిదానంగా ఉందని, ఆ నిదానం వల్ల మీకు ఏం దక్కిందో, ఏం దక్కలేదో చెప్పండి. దక్కలేదని చెప్పడానికి భయపడొద్దు. పెద్ద దర్శకుడు, పది నామినేషన్లు అని చూసి తలొంచాల్సిన పని లేదు. కాకపోతే వాచీ ఎక్కడ చూసుకున్నారో చెప్పండి.

తెలుగు రివ్యూ రాసేవాడికి ఇంకో బాధ్యత ఉంది. అమెరికన్ ప్రేక్షకుడికి చెప్పకుండానే తెలిసేవి మనవాళ్లకు తెలియకపోవచ్చు. ఒక చరిత్ర ఘట్టం, ఒక చర్చి ఆచారం, ఒక రాష్ట్రం యాస. అవసరమైనంత వరకు రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు సాగండి. అలాగే మనకు మాత్రమే తట్టే సంగతులుంటాయి. పరాయి దేశం వచ్చి, తన డిగ్రీకి ఇక్కడ విలువ లేదని తెలుసుకునే మనిషి కథ చూస్తే, వీసా కోసం ఏళ్లు ఎదురుచూసిన మనవాడికి తట్టేది న్యూయార్క్ విమర్శకుడికి తట్టదు. దాన్ని దాచుకోకండి. తెలుగులో మీరు రాయడానికి అసలు కారణం అదే.

నిడివి 700 నుంచి 900 మాటలు సరిపోతుంది.

7. అవార్డుల ప్రస్తావన ఎక్కడ?

చివరి పేరాలో, మూడు నాలుగు వాక్యాల్లో. అది కూడా తెలిసిందే రాయండి: ఏ విమర్శకుల సంఘం ఏ బహుమతి ఇచ్చింది, నామినేషన్ వచ్చిందా. మిగతా జోస్యాలకు వేరే పోస్టు పెట్టుకోండి, రివ్యూలో కలపొద్దు. జనవరిలో నామినేషన్లు రాగానే ఆ ఒక్క పేరా మార్చుకుంటే సరిపోతుంది.

జోస్యం రాయదలిస్తే ఓటింగ్ పద్ధతి తెలిసుండాలి. ఉత్తమ చిత్రానికి పోటీలో పది సినిమాలుంటాయి. సభ్యులు వాటిని తమ ఇష్టం ప్రకారం వరసగా పేరుస్తారు. ఏ సినిమాకూ సగానికి మించి మొదటి స్థానాలు రాకపోతే, అందరికన్నా తక్కువ వచ్చినదాన్ని తీసేసి, ఆ ఓట్లను వాళ్ల రెండో ఎంపికకు కలుపుతారు. ఒకటి సగం దాటేదాకా ఇలాగే సాగుతుంది. అందుకే కొందరు ప్రాణంగా ప్రేమించి, కొందరు ద్వేషించే సినిమా కన్నా, ఎక్కువ మంది రెండో మూడో స్థానంలో పెట్టే సినిమా గెలవడం జరుగుతుంది. 2025 సినిమాల నుంచి ఇంకో నియమం వచ్చింది: ఒక విభాగంలో చివరి ఓటు వేయాలంటే అందులో నామినేట్ అయిన సినిమాలన్నీ చూసి తీరాలి. చాలా ఆలస్యంగా వచ్చినా మంచి నియమం.

ఈ నెలల్లో పత్రికల్లో, బిల్‌బోర్డుల మీద "ఫర్ యువర్ కన్సిడరేషన్" అన్న ప్రకటనలు నిండిపోతాయి. ఓటర్ల కోసం స్టూడియోలు పెట్టే ఖర్చు అది. నటుల ఇంటర్వ్యూలు, ఎంత బరువు తగ్గారు, ఎన్ని నెలలు శిక్షణ తీసుకున్నారు అన్న కథలు కూడా ఆ ప్రచారంలో భాగమే. అవి నిజమే కావచ్చు. రివ్యూలో మాత్రం తెర మీద కనబడిన ఫలితాన్నే తూచండి.

8. రేటింగ్

నేను ఇవ్వను. మీకు ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ డిసెంబర్‌లో ఇచ్చిన అంకెను సీజన్ అంతా అదే కొలతతో నడపండి. మొదటి సినిమాకు నాలుగిచ్చేసి, అంతకన్నా బాగున్న మూడింటికి నాలుగున్నర ఇస్తూ పోతే జనవరికి చోటుండదు.

9. పెట్టే ముందు, పెట్టాక

ముందస్తు షోకు పిలుపు వస్తే ఎంబార్గో (అప్పటిదాకా రివ్యూ బయటపెట్టకూడదన్న గడువు) తేదీ, టైమ్ ఏ టైమ్‌జోన్‌లో ఇచ్చారో చూసుకోండి. ఇండియా సమయానికి మార్చుకోవడంలో పొరపాటు పడితే మళ్లీ పిలవరు. పేర్ల ఉచ్చారణ సరిచూడండి. ఫ్రెంచ్, కొరియన్ పేర్లను ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి తెలుగులో రాస్తే తప్పులొస్తాయి. ఆ నటుడో దర్శకుడో తన పేరు తాను పలికిన ఇంటర్వ్యూ ఒకటి విని రాయండి. ఐదు నిమిషాల పని.

ఇండియాలో విడుదలైనప్పుడు సెన్సార్ కోతలు పడొచ్చు. మీరు అమెరికాలో చూసి రాసి ఉంటే ఆ మాట రివ్యూలోనే చెప్పండి, హైదరాబాద్‌లో చూసినవాళ్లు మీరు చెప్పిన సీను లేదని వెతుక్కోకుండా ఉంటారు. తప్పు దొర్లితే చెరిపేయకుండా, ఏది తప్పో చెప్పి కింద సరిదిద్దండి.

చివరగా, ఒక పని జూన్‌లో చేయండి. ఆ సీజన్‌లో మీరు రాసిన వాటిలో రెండు సినిమాలు, ఒకటి బాగా మెచ్చుకున్నది, ఒకటి తోసిపుచ్చింది, ఇంట్లో మళ్లీ చూడండి. పాత రివ్యూ ముట్టుకోకుండా, దాని కింద తేదీ వేసి ఇప్పుడేమనిపించిందో నాలుగు లైన్లు చేర్చండి. నా పాత రివ్యూల్లో పద్నాలుగింటి కింద ఇలాంటి లైన్లున్నాయి. ఐదింటి దగ్గర నా అభిప్రాయం పూర్తిగా మారింది. అందులో ఒకటి, ఆ రాజమండ్రి ఆవిడ ఎదురుచూసిన సినిమా.